ఆరు మైకుల నడుమ అణగిన సంకల్పం

నవవిధ భక్తులలో శ్రవణానికి ప్రథమ స్థానం ఇచ్చారు మన పెద్దలు. కీర్తనమైనా, స్మరణమైనా, అర్చనమైనా దాని తర్వాతివే. చెవిన పడనిది మనసున నిలవదన్నది వారి భావం. వేదానికి శ్రుతి అనే నామం ఏర్పడటంలోనూ ఈ వినికిడి మహిమే ఉన్నది. మరి నేడు మన ఉత్సవ మండపాలలో ఈ శ్రవణభక్తి ఏ విధంగా సాగుతున్నది? పాఠక మహాశయులారా, ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. కిందటి శ్రీరామనవమి పందిట్లో మీరు కూర్చున్నప్పుడు సీతారాముల ప్రవరలో ఎన్ని మాటలు మీకు విడివిడిగా తెలిశాయి? ధ్వనికి కొదువ లేదు. నాలుగు వీధుల అవతలికి సైతం వినిపించింది. కానీ ఏ ఋషి పేరు చెప్పారో, ఎవరి తండ్రి పేరు చదివారో, పందిట్లో కూర్చున్నవారికే తెలియలేదు.

ఈ బాధ నాకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు. ఒక ముసలి తల్లి నన్ను నిలదీసి అడిగితే తెలిసివచ్చింది.

కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న ఒక ఆలయంలో ముప్పై ఏళ్ళకు పైగా అర్చకత్వం చేస్తున్నాను. ఏటా చైత్రమాసంలో కల్యాణోత్సవం జరుగుతుంది. కొన్నేళ్ళ క్రితం ఉత్సవ నిర్వాహకులు కొత్త మైకు సెట్టు తెప్పించారు. అంతవరకు మాకు రెండే మైకులు ఉండేవి. ఆ ఏడాది ఆరు వచ్చాయి. నా ముందర ఒకటి, బ్రహ్మస్థానంలో కూర్చున్న ఆచార్యులవారి ముందర ఒకటి, వేదపారాయణ చేసే ఇద్దరి నడుమ ఒకటి, నాదస్వరానికి ఒకటి, డోలుకు ఒకటి, వ్యాఖ్యానం చెప్పే పండితునికి ఒకటి. ఎన్ని మైకులుంటే అంత బాగా వినపడుతుందని సెట్టు తెచ్చినవారు చెప్పారు. నేనూ తల ఊపాను.

ఆ రాత్రి ఉభయదాతలలో ఒక నేతవారి ఇంటి ఇల్లాలు ఉన్నది. భర్త పోయి ఏడాది నిండింది. మగ్గం మీద వచ్చిన కూలి డబ్బులో కొంత కొంత దాచి, ఆయన పేరున ఉభయం కట్టింది. సంకల్పంలో ఆయన గోత్రనామాలు స్వామి ఎదుట చదవగా వినాలన్నది ఆమె కోరిక. సాయంత్రమే వచ్చి రెండవ వరుసలో కూర్చున్నది. తలంబ్రాలు అయిన తర్వాత జనం పలుచబడేదాకా ఆగి, నా దగ్గరకు వచ్చి చేతులు జోడించింది.

"సామీ, మా ఇంటాయన పేరు సదివితిరా?"

"చదివానమ్మా. నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా!"

"ఉండా సామీ. డోలు ఇనపడె, జనరేటరు ఇనపడె, మైకు కూత ఇనపడె. ఆయప్ప పేరే ఇనపడల్యా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది. నేను చదివిన మాట నిజమే. స్వామి విన్నాడనడంలోనూ సందేహం లేదు. కానీ ఆమె ఏడాది పొడుగునా కూడబెట్టింది ఆ ఒక్క క్షణం కోసం. ఆ క్షణం ఆరు మైకుల నడుమ పోయింది.

ధ్వని వేరు, స్పష్టత వేరు

మా మేనల్లుడు ఒకడు బెంగుళూరులో ధ్వని పరికరాల ఇంజనీరు. సెలవుకు వచ్చినప్పుడు జరిగినది చెప్పాను. వాడు నవ్వి, "మామయ్యా, మీరు మాటకు మైకులు పెట్టలేదు, రొదకు పెట్టారు" అన్నాడు. మొదట కోపం వచ్చినా, వాడు వివరించిన కొద్దీ అది మన శిక్షాశాస్త్రానికి ఎంత దగ్గరి విషయమో అర్థమయింది.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణకు ఆరు అంగాలు చెబుతుంది. అవి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. బలం ఆరింటిలో ఒకటి మాత్రమే. మనం మైకు సెట్టుతో పెంచేది ఆ ఒక్కదానినే. వర్ణం చెడితే బలం ఎంత ఉండి ఏమి ప్రయోజనం? మాటలోని అచ్చులు కింది స్థాయి కంపనాలలో ఉంటాయి. వాటికి బలం ఎక్కువ, ఎంత రొదలోనైనా తేలుతాయి. హల్లులను గుర్తుపట్టించే సూక్ష్మభేదాలు, అనగా త-థ, ప-ఫ, శ-ష-స వంటి తేడాలు, చాలా వరకు సెకనుకు 2000 కంపనాలకు పైనే ఉంటాయి. వాటికి బలం బహు తక్కువ. రొద మొదట మింగేది వాటినే. అప్పుడు మిగిలేవి ఆ, ఊ, ఏ అనే అచ్చులు. దూరపు పందిరి నుంచి మీకు గాలివాటున వచ్చే మంత్రం అచ్చుల మూలుగులా వినపడటానికి కారణం ఇదే. పాత టెలిఫోనులో 300 నుంచి 3400 వరకు కంపనాలు మాత్రమే ప్రయాణించేవి. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు "సీత సకారం" అని విడమరచి చెప్పవలసివచ్చేది.

ఉచ్చారణలోని ఒక్క భేదం ఎంత పని చేస్తుందో త్వష్ట కథ తెలిసిన మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంద్రుని చంపగల కుమారుడు కావాలని కోరి యజ్ఞం చేసిన త్వష్ట ఒక్క సమాసంలో స్వరం తప్పి పలికాడు. అర్థం తారుమారై ఇంద్రుని చేతిలో చావవలసిన వృత్రుడు పుట్టాడు. ఆనాడు తప్పు పలికినవాని నోటిది. ఈనాడు నోరు సరిగా పలికినా మధ్యలోని యంత్రం తప్పు పలికిస్తున్నది.

ఇక మైకు ధర్మం చూడండి. నోటికి జానెడు దూరంలో ఉన్న మైకును నాలుగు జానల దూరానికి జరిపితే దానికి చేరే మాట బలం పదహారవ వంతుకు పడిపోతుంది. డోలు, జనరేటరు, జనఘోష మాత్రం తగ్గవు. అవి అన్ని వైపుల నుంచీ వస్తాయి గనుక ఇంచుమించు అంతే ఉంటాయి. కాబట్టి మైకు నోటికి చేరువగా ఉండటమే మొదటి మెట్టు. దీనిని మించిన యంత్రం లేదు.

రెండవది మైకుల సంఖ్య. నేను మాట్లాడేది ఒక్క మైకులోనే. కానీ తెరచి ఉంచిన ఆరూ చుట్టూ ఉన్న రొదను పోగుచేస్తూనే ఉంటాయి. తెరచిన మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ పోగయ్యే రొద 3 డెసిబెళ్ళ చొప్పున పెరుగుతుంది. ఒక్కటి చాలిన చోట ఆరు తెరిస్తే దాదాపు 8 డెసిబెళ్ళు. పైగా స్పీకర్ల నుంచి వచ్చిన ధ్వని ఆరు ద్వారాల గుండా తిరిగి లోపలికి దూరుతుంది. అది చుట్టు తిరిగి కూతగా మారుతుంది. కూత రాకుండా సెట్టు నడిపే అబ్బాయి ధ్వని తగ్గిస్తాడు. వెనుక వరుసలవారు వినపడలేదని కేకలు వేస్తే పెంచుతాడు. ఇది రాత్రంతా సాగే వ్యవహారం. మీరు చూడనిది కాదు.

మూడవది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది. నా గొంతు నా మైకుకు ఒక క్షణంలో చేరుతుంది. పక్కన ఆచార్యులవారి మైకుకు ఇంకొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఈ రెండు దూరాల తేడా 34 సెంటీమీటర్లు అయితే ఆలస్యం సెకనులో వెయ్యవ వంతు. ఆ రెండూ కలిసి ఒకే తీగలో ప్రవహించినప్పుడు కొన్ని కంపనాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. ఈ లెక్కకు 500, 1500, 2500 కంపనాల దగ్గర మాటకు గండ్లు పడతాయి. దువ్వెన పళ్ళ సందుల మాదిరిగా మాట చిల్లులు పడుతుంది. వేదం చెప్పుకున్నవారికి ఇది మరొక విధంగా పరిచయమే. ఇద్దరు పనస చెబుతున్నప్పుడు ఒకరు అరమాత్ర వెనుకబడితే విన్నవారికి ఇద్దరి మాటా దక్కదు. ఇక్కడ నా గొంతే నాకంటే వెనుకబడి నన్ను చెరుపుతున్నది. దీనికి ధ్వనిశాస్త్రవేత్తలు ఒక సులువైన కొలత పెట్టుకున్నారు. వక్తకూ మైకుకూ మధ్య దూరం ఎంతో, రెండు మైకుల మధ్య దూరం దానికి మూడు రెట్లకు తగ్గకూడదు. మేము ఆచార్యులవారి మైకు, నా మైకు ఒకే పీట మీద పెట్టుకుని కూర్చున్నాం!

గురువుగారి చెవి

అయితే మైకులు ఎక్కువగా ఉండటమే దోషమా? కాదు. ఇక్కడే విషయం రసవంతమవుతుంది.

కర్నూలులో నేను వేదం చెప్పుకునే రోజులలో మేము పన్నెండుగురు విద్యార్థులం. వీధి రద్దీ గోడ అవతలే. బండ్ల చప్పుడు, కూరగాయలవారి కేకలు. పన్నెండుగురం ఏకకంఠంతో పఠిస్తుండగా గురువుగారు కళ్ళు మూసుకుని, తల ఒకవైపు కొద్దిగా వాల్చి కూర్చునేవారు. ఎవడైనా ఒక అనుదాత్తం జారవిడిస్తే కళ్ళు తెరవకుండానే వాని వైపు వేలు చూపేవారు. ఒక్కనాడూ వేలు తప్పలేదు. అది తపోబలమని మేము చెప్పుకునేవారం. కొంత అదీ ఉండవచ్చు. కానీ అందులో భగవంతుడు మన కందరికీ ఇచ్చిన ఉపకరణం ఒకటి పనిచేస్తున్నది. అది రెండు చెవులు.

కుడివైపు నుంచి వచ్చిన ధ్వని కుడిచెవికి ముందు, ఎడమచెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా మిక్కిలి ఎక్కువైనా సెకనులో సుమారు 1500వ వంతు. అంత స్వల్పమైన వ్యవధిని మెదడు లెక్కగట్టి, ఏ మాట ఏ దిక్కు నుంచి వచ్చిందో విడదీస్తుంది. పెళ్ళిపందిట్లో పదిమంది పది మాటలు మాట్లాడుతున్నా మీకు కావలసినవారి మాటే మీరు పట్టుకోగలగడంలో దీని సాయం చాలా ఉన్నది. 1953లో కోలిన్ చెర్రీ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఈ విషయాన్ని పరీక్షించి చూశాడు. రెండు చెవులలో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపిస్తే మనిషి ఒకదానిని ఎంచుకుని తప్పకుండా అనుసరించగలిగాడు. రెండూ కలిపి ఒకే ధ్వనిగా రెండు చెవులకూ వినిపించినప్పుడు మాత్రం విడదీయడానికి నానా అవస్థ పడ్డాడు. ఆరు మైకులను ఒకే తీగలో కలిపి మేము ఆ తల్లికి చేసిన అపకారం ఇదే. ఆమెకున్న రెండు చెవుల శక్తిని మేమే హరించాం.

ఒక చెవికంటే రెండు చెవులు మేలైనట్లే, ఒక మైకుకంటే అనేక మైకులు మేలు కావాలంటే వాటి వెనుక మెదడు ఉండాలి. వరుసగా అమర్చిన మైకులకు ఒకే వక్త గొంతు వేర్వేరు క్షణాలలో చేరుతుంది. ముందు చేరినదానిని కొద్దిగా ఆపి, వెనుక చేరినదానితో సరిగా కలిపితే వక్త మాట అన్నింటిలో ఒకే అడుగుతో నడిచి బలపడుతుంది. ఇతర దిక్కుల నుంచి వచ్చిన రొదకు అడుగు కలవదు, అది బలహీనపడుతుంది. ఏ మైకుకు చేరిన రొద దానిదే అయి, ఒకదానితో ఒకటి సంబంధం లేనిదైతే, రెండు మైకులతో 3 డెసిబెళ్ళు, నాలుగింటితో 6 డెసిబెళ్ళ లాభం. ఇదే ఆరు మైకులు గుడ్డిగా కలిపితే నష్టం, కాలం సరిచూసి కలిపితే లాభం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జేమ్స్ ఫ్లానగన్ బృందం 1985లో పెద్ద సభామందిరాలకు పనికివచ్చే ఇటువంటి మైకుల వరుసను కంప్యూటరు సాయంతో వక్త వైపు తిప్పే పద్ధతిని ప్రకటించింది. తిరిగేది మైకు కాదు, దాని వినికిడి దిక్కు. ఈ తత్త్వమే నేడు మీ చేతిలోని సెల్‌ఫోనులో, ఇంట్లో పెద్దవారి చెవి యంత్రంలో సూక్ష్మరూపంలో ఉన్నది. సెల్‌ఫోను అడుగున ఒక చిన్న రంధ్రం, పైభాగాన మరొకటి ఉంటాయి, చూడండి. ఒకటి మీ మాట కోసం, రెండవది చుట్టూ ఉన్న రొదను పసిగట్టడం కోసం.

ఆ రెండవ ఉపాయానికి కూడా చరిత్ర ఉన్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ విడ్రో, ఆయన సహచరులు 1975లో దీనిని సవివరంగా ప్రకటించారు. ఒక గ్రాహకం మాటా రొదా కలిపి వింటుంది. రెండవది రొదను మాత్రమే వింటుంది. రెండవదానిని అనువుగా మలచి మొదటిదానిలోనుంచి తీసివేస్తే మాట మిగులుతుంది. వారు దీనితో గర్భిణి పొట్టపై తీసిన గుండె సంకేతంలోనుంచి తల్లి గుండెను తీసివేసి, లోపలి శిశువు గుండెను వేరుచేసి చూపారు. ఇది చదివినప్పుడు నా కన్ను చెమ్మగిల్లింది. మా జనరేటరు పక్కన ఒక మైకు పెడితే ఈ విధంగానే చేయవచ్చునా అని మేనల్లుణ్ణి అడిగాను. "రొద ఒక్కచోట నుంచే వస్తే చేయవచ్చు మామయ్యా. మీ పందిట్లో వెయ్యి మంది ఉన్నారు, వెయ్యి నోళ్ళున్నాయి. దానికంటే జనరేటరునే దూరంగా జరపండి" అన్నాడు. శాస్త్రం తెలిసినవాడు యంత్రం వద్దని చెప్పడం నాకు నచ్చింది.

మన తెలుగువారి కృషి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఐఐటీ మద్రాసులో దీర్ఘకాలం బోధించి, 2006లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి వచ్చిన ఆచార్య బి. యజ్ఞనారాయణ వాక్ సంకేతాల శాస్త్రంలో దేశానికే పెద్ద దిక్కు. ఎందరో శిష్యులను తయారుచేశారు. పేరులోనే యజ్ఞం ఉన్నది. 2007లో ఆయన శిష్యులతో కలిసి ప్రకటించిన ఒక పద్ధతి నాబోటి వేదపండితునికి మిక్కిలి ముచ్చట గొలిపింది. ఒక గదిలో పలువురు ఒకేసారి మాట్లాడుతుండగా, కొంత ఎడంగా పెట్టిన రెండే మైకులతో అక్కడ ఎందరు మాట్లాడుతున్నారో తెలుసుకోవడం ఎలా? మనం అచ్చు పలికేటప్పుడు కంఠంలోని నాదతంత్రులు మూసుకుని తెరచుకుంటుంటాయి. పురుషులలో సెకనుకు నూరు సార్లకు అటూ ఇటూ, స్త్రీలలో రెండు వందలకు అటూ ఇటూ. మూసుకున్న ప్రతి క్షణం మాటలో ఒక తాటింపు వలె నమోదవుతుంది. గదిలోని ప్రతిధ్వనులు, దూరాలు మాట రూపాన్ని మారుస్తాయి గాని, ఒక తాటింపుకూ మరొక తాటింపుకూ నడుమ ఎడాన్ని మార్చలేవు. ఏ మైకులో విన్నా ఆ వరుస ఒక్కటే. రెండు మైకుల మధ్య ఆ వరుస ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఆలస్యం కనిపిస్తుంది. ఎన్ని ఆలస్యాలో అందరు మనుషులు. ఎవరి ఆలస్యం తెలిస్తే వారి మాటను పైకి తేవడానికి దారి దొరుకుతుంది.

నోటి దగ్గర కాక, నాదం పుట్టే చోటనే మాటను పట్టుకోవాలన్నది ఈ పద్ధతి ఆంతర్యం. పాణినీయ శిక్ష కూడా వర్ణోత్పత్తి చెప్పేటప్పుడు పెదవుల వద్ద ఆరంభించదు. బుద్ధి నుంచి మనసుకు, మనసు నుంచి కాయాగ్నికి, అక్కడి నుంచి వాయువుకు, ఉరస్సుకు, శిరస్సుకు ఎక్కివచ్చి చివరకు నోట వర్ణమవుతుందని వివరిస్తుంది. రెండూ ఒకటేనని చెప్పను. అలా చెప్పేవారంటే నాకు కొంచెం భయం కూడా. కానీ మూలం వద్దకు వెళ్ళి వెతకాలన్న చూపు ఒకటే.

రాతి మండపం, ఎండకాలపు గాలి

మన రాయలసీమ ఆలయాలకు మరో చిక్కు ఉన్నది. ఒంటిమిట్ట కోదండరామస్వామి ఆలయాన్ని తలచుకోండి. 1652లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్‌ను సైతం మెప్పించిన ఆలయమది. ముప్పై రెండు స్తంభాల రంగమండపం, అంతా రాయి. రాయి ధ్వనిని పీల్చుకోదు, తిరిగి పంపుతుంది. పలికిన అక్షరం పోకముందే మరొక అక్షరం దానిపై పడుతుంది. ఒకే గొంతుతో నెమ్మదిగా సాగే మంత్రానికి అది శోభ. ఆ ఘనమైన నాదం వినడానికే కొందరు గర్భాలయం ముందు నిలబడతారు. వేగంగా సాగే వ్యాఖ్యానానికి, పేర్లు చదివే సంకల్పానికి మాత్రం అది శత్రువు. జనం ఒంటి బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి గనుక మండపం నిండినప్పుడు ప్రతిధ్వని తగ్గుతుంది, రొద పెరుగుతుంది. అందుచేత పొద్దున ఖాళీ మండపంలో "హలో, హలో" అని చూసుకున్నది రాత్రికి పనికిరాదు.

రాష్ట్ర విభజన అనంతరం 2015 నుంచి ఒంటిమిట్టలో ప్రభుత్వ లాంఛనాలతో కల్యాణం జరుగుతున్నది. పండు వెన్నెలలో జరిగే ఆ ఉత్సవాన్ని ఆలయం వెలుపల విశాలమైన వేదికపై వేలాదిమంది దర్శిస్తారు. అంత పెద్ద ఆవరణలలో స్పీకర్లు దూరదూరంగా పెట్టక తప్పదు. అప్పుడు తీగలో మాట క్షణంలో అన్ని స్పీకర్లకు చేరుతుంది, గాలిలో మాత్రం నడిచివస్తుంది. నూరు మీటర్ల దూరాన ఉన్నవారికి దగ్గరి స్పీకరు మాట ముందు వినబడి, వేదిక దగ్గరి స్పీకరు మాట సెకనులో దాదాపు మూడు పదుల వంతుల తర్వాత, అంటే 0.29 సెకన్లకు వస్తుంది. ఒక లఘువు పలికే కాలానికి అది తక్కువేమీ కాదు. దీనికి విరుగుడు దూరపు స్పీకర్లను లెక్క ప్రకారం ఆలస్యంగా పలికించడం. రెండు ధ్వనుల నడుమ వ్యవధి సుమారు 30 మిల్లీ సెకన్లకు లోపుంటే చెవి వాటిని ఒక్కటిగానే స్వీకరిస్తుందని హాస్ అనే జర్మను శాస్త్రవేత్త 1949లో నిరూపించాడు. మరొక ముచ్చట. 20 డిగ్రీల చలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు నడిస్తే, మన చైత్రపు 40 డిగ్రీల ఎండలో 355 మీటర్లు నడుస్తుంది. కడప ఎండకు ధ్వని కూడా పరుగెత్తుతుందన్నమాట!

ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవారికి ప్రవర స్పష్టంగా వినపడి, పందిట్లో ఉన్నవారికి వినపడకపోవడం మీరు గమనించే ఉంటారు. టీవీకి వెళ్ళేది నోటి దగ్గరి మైకులోని మాట. పందిట్లో ఉన్నవారికి చేరేది దానితోపాటు సమస్తమూ.

ధ్వని పెంచితే పోలేదా అని కొందరంటారు. ఫ్రాన్సు వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లోనే ఒక సంగతి పట్టుకున్నాడు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. స్పీకరు పెంచితే పందిట్లో పిచ్చాపాటీ కూడా పెరుగుతుంది. పైగా 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా నిలిపింది. గుడి పక్క ఇంట్లో జ్వరంతో పడుకున్నవాని నిద్ర చెడగొట్టి చేసే అర్చన ఏ శాస్త్రం ప్రకారమూ పుణ్యం కాదని నా నమ్మకం.

మరుసటి చైత్రం

తర్వాతి ఏడాది మేము కొత్త యంత్రాలేవీ కొనలేదు. జనరేటరును ప్రాకారం అవతలికి, గోడ చాటుకు మార్చాం. నాదస్వరానికి, డోలుకు మైకులు తీసివేశాం. మన సీమ డోలుకు మైకు ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు. వేదపండితులకు, ఆచార్యులవారికి, నాకు, వ్యాఖ్యాతకు కలిపి నాలుగు ఉంచాం గాని, మాట్లాడేవారిది తప్ప తక్కినవి మూసివేసే బాధ్యత ఒక కుర్రవానికి అప్పగించాం. ఆ పనిని యంత్రమే చేసే పద్ధతిని అమెరికాలో డాన్ డూగన్ 1970ల దశకంలో కనిపెట్టాడు. మాట ఉన్న మైకుకు వాటా పెంచి, తక్కినవాటికి తగ్గించి, మొత్తం ఒక్క మైకు తెరచినంతే ఉండేలా పంచుతుంది. మాకు ఆ యంత్రం లేదు. ఇంటరు చదివే ఆ కుర్రవాడు ఉన్నాడు. వానికి కల్యాణ క్రమం కాగితం మీద రాసి ఇచ్చాను. ఎక్కడ ఎవరు అందుకుంటారో వానికి నాకంటే బాగా కంఠస్థమయింది.

నాకు కాలరు మైకు తగిలించాలని చూశారు. మాకు చొక్కా ఏది? ఉత్తరీయానికి పెడితే బట్ట రాపిడి, రుద్రాక్షల గలగల. చివరకు చెంప పక్కకు వచ్చే సన్నని కమ్మీ మైకు తెచ్చారు. స్వామి ఎదుట సినిమా గాయకునిలా ఇదేమిటని రెండు రోజులు సిగ్గుపడ్డాను. కానీ తల తిప్పినా నోటికీ దానికీ దూరం మారదు. మంత్రం చదువుతూ అక్షతలు అందుకోవడానికి వంగినప్పుడల్లా మాయమయ్యే మాట ఇక మాయం కాలేదు. నెమ్మదిగా చదవడం కూడా నేర్చుకున్నాను. ఆడపులి తన పిల్లలను పళ్ళతో కరచి తీసుకుపోయేటప్పుడు జారవిడవదు, గాయపరచదు, అక్షరాన్ని అలా పట్టుకోవాలని శిక్షాకారులు చెప్పారు. యంత్రం బాగుపడినకొద్దీ నా పళ్ళ పట్టు ఎంత వదులో నాకే తెలిసివచ్చింది.

ఆ తల్లి ఆ ఏడూ ఉభయం కట్టింది. అదే రెండవ వరుస. సంకల్పం చదివాను. ఆమె తల పైకెత్తి చూడటం గమనించాను. విన్నది! నాకు ఎంతో తృప్తి కలిగింది. తలంబ్రాల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది.

"సామీ, ఈతూరి బాగా ఇనపడె. మా ఇంటాయన పేరు ఇనపడె. మాది మాండవ్య గోత్రం సామీ. మీరు కౌండిన్య అంటిరి."

నేను కాగితం తీసి చూశాను. కౌండిన్య అనే ఉన్నది. ఉభయం రసీదులు రాసే బల్ల డోలు సన్నాహం చేసుకునే చావడి పక్కనే. ఆమె చెప్పింది ఒకటి, రాసే అబ్బాయి చెవిన పడింది మరొకటి. మాట మోత చేరినట్లున్నది, అక్షరాలు చేరలేదు.

"పోయినేడు గూడా ఇట్లే అంటిరేమో. ఎవురికి ఇనపడె!" అన్నది, నవ్వుతూ.

పాత రసీదు పుస్తకం తెప్పించి చూశాను. పోయినేడూ కౌండిన్యే. అప్పటికే దీపాలు కొండెక్కిస్తున్నారు. కుర్రవాణ్ణి నా మైకు ఒక్కటి తెరవమన్నాను. ఆచమనం చేసి మళ్ళీ కూర్చుని, ఆమెను దగ్గరకు పిలిచి, గోత్రం ఆమె నోటనే రెండుసార్లు చెప్పించుకుని, సంకల్పం మొదటి నుంచి చదివాను. రసీదు బల్ల మరునాడే తూర్పు వాకిలికి మారింది.